రేకు బోటుకు రంగు వేసే ముందు

మిన్నెసోటాలో సాధారణంగా ఏప్రిల్ చివరికల్లా సరస్సుల మీద మంచు కరుగుతుంది. మే మధ్యలో చేపల వేట మొదలవుతుంది. ఈ రెంటి మధ్య దొరికే కొద్ది వారాల్లో మా వీధిలో గ్యారేజీల ముందు బోట్లు బోర్లించి ఉంటాయి. ఈసారి వాటిలో మాదీ ఉంది. పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం బోటు. ఇక సరస్సు మీదికి వెళ్లే ఓపిక లేదంటూ పక్కింటి పెద్దాయన మాకిచ్చేశారు.

“కొత్తది కొనుక్కోక దీనికి రంగులేమిటి అన్నయ్యా?” అన్నాడు ఇక్కడి తెలుగు మిత్రుడొకడు. నాకైతే ఈ బోట్లంటే గౌరవం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు రేకులు రివెట్లతో బిగించిన పనితనమే ఆ తర్వాత పడవల్లోకి వచ్చింది. యుద్ధవిమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీయే అల్యూమినియం పడవలూ చేసింది. అల్యుమాక్రాఫ్ట్, లుండ్ కంపెనీలు ఈ మిన్నెసోటాలోనే పుట్టాయి. శ్రద్ధగా చూసుకుంటే ఇలాంటి బోటు తండ్రి తర్వాత పిల్లలకూ పనికొస్తుంది.

నిజానికి మంచినీటి సరస్సులో తిరిగే అల్యూమినియం బోటు మన్నికకు రంగు అవసరం లేదు. గోదావరి మీద తిరిగే చెక్క నావకు తారు పూయకపోతే నీళ్లు తాగి పాడవుతుంది. అల్యూమినియానికి ఆ బెడద లేదు. గాలి తగలగానే దాని మీద పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. అయితే ఆ పొరే రంగును సరిగా పట్టనివ్వదు. నేరుగా రంగు పూసిన బోట్లు పెచ్చులూడేది అందుకే.

మేం ముందు కారేచోట్లు వెతికాం. బోటు ట్రైలర్ మీద ఉండగానే లోపల కొద్దిగా నీళ్లు పోసి, బయట చెమ్మ చేరిన ప్రతిచోటా మార్కర్‌తో గుర్తు పెట్టాం. వదులైన రివెట్టుకు బయటినుంచి మా అమ్మాయి ఇనుప దిమ్మె ఆనించింది, లోపలినుంచి నేను సుత్తితో కొట్టి బిగించాను. ఆ తర్వాత సబ్బునీళ్లతో జిడ్డంతా వదిలేదాకా కడిగాం.

పాత రంగులో సీసం ఉండొచ్చు. అందుకని ముందు పరీక్షించాలి. మాస్కు పెట్టుకుని, దుమ్ము లేవకుండా తడిపి రుద్దాలి. గట్టిగా పట్టి ఉన్న రంగును పూర్తిగా గీకనక్కర్లేదు, లేచినంతమేర తీసి అంచులు నున్నగా చేస్తే చాలు. ఇనుప పీచు, మామూలు తీగబ్రష్షు మాత్రం వాడొద్దు. వాటి రజను రేకులో దిగబడి తుప్పు మరకలు వస్తాయి.

లోహం బయటపడినచోట, రంగు రేకును పట్టుకునేలా చేసే ఎచ్ ప్రైమర్‌ను అదే రోజు పూయాలి. వెనకటి జింక్ క్రోమేట్ ప్రైమర్లలోని క్రోమియం క్యాన్సర్ కారకం కాబట్టి, అది లేని రకం తీసుకున్నాం. డబ్బా మీద రాసిన వేడిమి ఉన్న రోజు చూసుకుని, సాయంత్రం మంచు పడకముందే ముగించాం. మందంగా ఒక్కసారి పూసేకన్నా పలచగా రెండుసార్లు పూయడమే మేలు. లోపల మెరుపు లేని లేత బూడిద రంగు వేశాం, ఎండ కళ్లలోకి కొట్టకుండా.

రాగి కలిసిన రంగులు అల్యూమినియానికి శత్రువులు. రాగి తగిలి తడి చేరితే రేకు చివికిపోతుంది. చెదలు పట్టకుండా రాగి మందు ఎక్కించిన ప్లైవుడ్‌తో సీట్లు వేసినా అదే గతి. బోటు గుర్తింపు సంఖ్య మీద, ఎంత బరువు మోస్తుందో చెప్పే పలక మీద రంగు పడకుండా టేపు వేయండి. ముందుభాగంలో రెండు వైపులా రిజిస్ట్రేషన్ నంబరు మూడంగుళాల ఎత్తున, రంగులో కలిసిపోకుండా మళ్లీ అంటించండి.

పాత బోటు దొరికితే పారేయకండి. రంగు వేస్తే ఇలా పద్ధతిగా వేయండి. అంత తీరిక లేకపోతే కారేచోట్లు బిగించి, కడిగి, ఉన్న రేకుతోనే నీళ్లలోకి దించండి. దానివల్ల బోటుకు ఏ నష్టమూ లేదు.