ఖని మన ఊరేనా?



మొన్న హాస్టల్ల ఒక జూనియర్ తమ్ముడు అడిగిండు, "అన్నా, మీదే ఊరు?" అని. ఖని అన్న. "ఖని అంటే బాయి గదా, ఊరెట్లయితది?" అన్నడు. అప్పుడు నవ్విన గానీ ఆ మాట మనసుల నుంచి పోతలేదు.

వాడన్నది నిజమే. గోదావరిఖని అనే పేరుల నది ఉంది, గని ఉంది. ఊరు లేదు. పాత ఊర్లంటే రామగుండం, జనగామ అసొంటివి. సింగరేణి బొగ్గు తవ్వుడు 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. ఇక్కడికి, గోదావరి ఒడ్డుకు వచ్చేసరికి 1960ల మొదలు. బాయిల నంబర్లే వాడల పేర్లయినయి. ఫైవింక్లైన్, ఎయిటింక్లైన్ కాలనీ అంటే ఆటో ఆయన నేరుగ తెచ్చి దించుతడు.

మా తాత తిర్యాణి దిక్కు గోండు గూడెం నుంచి వచ్చిండు. భూమి చిన్నతాతకు అప్పజెప్పి, ఇక్కడ తట్టా చెమ్మస్ పట్టిండు. మొదట గుడిసె, తర్వాత క్వార్టర్. తాత మెడికల్ అన్‌ఫిట్ అయినంక ఆ ఉద్యోగం బాపుకు వచ్చింది, క్వార్టర్ కూడా బాపు పేరు మీదికి మారింది. నేను పుట్టింది, పెరిగింది అండ్లనే.

ఇక్కడి సౌకర్యాలను నేను తక్కువ చెయ్యను. ఇంటి ముందట నల్లా, కరెంటు, నడిచిపోయేంత దూరంల దవాఖాన, బడి, స్టేడియం. గూడెంల మా అత్త బిడ్డ వాగు నీళ్లు మోసే వయసుల నేను గ్రౌండ్‌ల క్రికెట్ ఆడిన. కానీ ఇవన్నీ ఒక్క ఉద్యోగానికి వేలాడుతయి. మా కాలనీ గోడ అవతల గుడిసెల్ల కాంట్రాక్టు పని చేసేటోళ్ల పిల్లలు నాతోటే ఆడేటోళ్లు, చీకటి పడంగనే బిందెలు పట్టుకొని మా నల్లా కాడికే వచ్చేటోళ్లు. వాళ్ల నాయిన దిగేది కూడా అదే బాయి.

రెండేండ్లకోసారి గోదావరి ఒడ్డున సమ్మక్క-సారలమ్మ జాతరైతది. మేడారం పోలేనోళ్లు ఇక్కడనే బెల్లం ఎత్తు ఇచ్చుకుంటరు. ఖని ఖనంతా కోయ తల్లులకు మొక్కుతది. మా లైన్ల ఆదివాసీ ఇండ్లు ఎన్నంటే మాత్రం ఒక్క చెయ్యి వేళ్లు చాలు.

వచ్చే ఏడు బాపుకు 61 నిండుతయి. క్వార్టర్ అప్పజెప్పాలె. బాపు గూడెం పోదామంటడు, దండారికి ఏడాదికోసారి పోవుడు కాదు, అక్కడనే ఉందామంటడు. అమ్మకు షుగరు. "రాత్రి కండ్లు తిరిగితే అక్కడ ఎవరు దిక్కు? ఖనిలనే కిరాయికి ఉందాం" అంటది. చిన్నతాత కొడుకులు యాభై ఏండ్లకు పైగ దున్నుతున్న భూమిల వాటా అడగాల్నంటే బాపుకు నోరు రాదు. నాకూ గోండి మాట్లాడితే అర్థమైతది గానీ, జవాబు తెలుగులనే వస్తది.

క్వార్టర్ ముందట తాత నాటిన ఇప్ప చెట్టుంది. గూడెం నుంచి గింజ తెచ్చి పెట్టిండు. చెట్టు లెక్క ఏ కాయితంల ఉండదు, క్వార్టర్‌తోటే పోతది. జూన్ల పలుకు రాలంగనే రెండు గంపలు ఏరి పెట్టుమని బాపు ఇప్పటిసంది చెప్తుండు. ఎక్కడ నాటుతవని అమ్మ అడిగితే మాత్రం ఏం చెప్తలేడు.