ఝరాసంగం: వైద్యశాల చేరువైంది, మరి వంటిల్లు?

హైదరాబాదు నుంచి ముంబయి రహదారిపై పడమరగా సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణిస్తే జహీరాబాద్ వస్తుంది. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం కలగలిసి వినిపించే సరిహద్దు సీమ ఇది. రాష్ట్రం దాటితే బీదర్. పెద్ద రహదారిని వదిలి ఝరాసంగం వైపు మళ్ళితే ఎర్రనేలలు, చెరకు తోటలు, కంది చేలు కనిపిస్తాయి. కేతకీ సంగమేశ్వరాలయం వల్ల ఈ ఊరి పేరు రెండు రాష్ట్రాల ప్రజలకూ పరిచితమే. ప్రజారోగ్యాన్ని అధ్యయనం చేసేవారికి మాత్రం ఈ మండలం మరో కారణంగా చూడదగినది.

వనరులు తక్కువగా ఉన్న దేశాల ఆరోగ్య వ్యవస్థను పరిశీలించేవారు సాధారణంగా వైద్యులెందరు, పడకలెన్ని, మందుల నిల్వ ఎంత అన్న లెక్కలతో మొదలుపెడతారు. ఆ లెక్క అవసరమే. మన దేశంలో మైదాన ప్రాంతాల్లో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. ఝరాసంగంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది; అంతకు మించిన చికిత్స కావాలంటే జహీరాబాద్ ఏరియా ఆసుపత్రి ఉంది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఆశా కార్యకర్తలు గడప గడపకూ వచ్చారు. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 వాహనాలు రోడ్డెక్కాయి. ప్రసవ వేదనలో ఉన్న స్త్రీని ఎడ్లబండిపై తరలించిన రోజులు గుర్తున్న పెద్దలకు ఈ మార్పు విలువ వేరుగా చెప్పనక్కర్లేదు.

అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ గురించి చెప్పిన రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడండి. రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మరోవైపు 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. అంటే స్త్రీ ఆసుపత్రి గడప చేరుకుంటోంది గాని, ఒంట్లో చాలినంత రక్తం లేకుండా చేరుకుంటోంది. కాన్పు సమయంలో రక్తస్రావమైతే అటువంటి తల్లి ప్రాణానికే ముప్పు. ఆ లోటును చివరి గంటలో ఏ వైద్యుడూ పూర్తిగా పూడ్చలేడు. ఆమె తొమ్మిది నెలలు, అంతకుముందు ఎన్నో ఏళ్ళు, ఏమి తిన్నదన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానం వెదికిన ఊళ్ళలో ఝరాసంగం మండలంలోని మాచునూరు ఒకటి. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ చుట్టుపక్కల గ్రామాల్లో మహిళా సంఘాలను ఏర్పరచింది. సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు, కొద్దిపాటి మెట్ట భూమి గలవారు. 1983లోనే ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. అది ఆకలిని తగ్గించింది, సందేహం లేదు. కాని చౌక బియ్యం ముందు జొన్న, సజ్జ, కొర్ర, సామ వెనుకబడ్డాయి. పాలిష్ పట్టిన బియ్యంలో లేని ఇనుము, పీచు పళ్ళెం నుంచి తప్పుకున్నాయి.

1990ల మధ్యలో ఈ సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్ళోనే నిల్వచేసి, కరువు నెలల్లో పేదలకు తక్కువ ధరకు అందించే ఏర్పాటు చేసుకున్నాయి. ఎవరు ఎంత పేదవారో గ్రామస్తులే కూర్చుని నిర్ణయించేవారు. పంట చేలల్లో విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి వంటి ఆకుకూరలను కలుపు మొక్కలుగా గాక ఆహారంగా కాపాడుకున్నారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

మాచునూరులోనే సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబర్ 15న ప్రసారాలు ఆరంభించిన ఈ కేంద్రాన్ని నడిపేది దళిత మహిళలు. లైసెన్సు రాకముందే వారు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘ సమావేశాల్లో వినిపించేవారు. విత్తనం, వంట, పిల్లల ఆరోగ్యం, ఇంటి వైద్యం, అన్నీ ఈ ప్రాంతపు యాసలోనే వినిపిస్తాయి. చదువురాని తల్లికి గోడమీది పోస్టరు కన్నా, తన పొరుగింటి స్త్రీ గొంతు త్వరగా చేరుతుంది.

ఇది ఝరాసంగానికే పరిమితమైన పాఠం కాదు. 1978లో ఆల్మా-ఆటాలో ప్రపంచ దేశాలు ప్రాథమిక ఆరోగ్యాన్ని నిర్వచించినప్పుడు ఆహార సరఫరాను, పోషణను అందులో చేర్చాయి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ళలో కోటికి పైగా ఇళ్ళకు కార్యకర్తలను పంపి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం నీటిలో కలిపి విరేచనాలతో నీరసించిన బిడ్డను కాపాడుకోవడం తల్లులకు నేర్పింది. అక్కడా వైద్యం వంటింట్లోనే మొదలైంది.

అలాగని జొన్నరొట్టె ఆసుపత్రికి బదులు కాదు. రక్తహీనతకు నులిపురుగులు, చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంట కాన్పులు కూడా కారణాలే. ఇనుము మాత్రలు, పరీక్షలు, వైద్యుడి సలహా తప్పనిసరి. పైగా ఈ మండలంలో కొంత సాగుభూమి పారిశ్రామిక మండలి కోసం సేకరణకు గురైంది. నేల చేతులు మారితే పళ్ళెం కూడా మారుతుందన్న సంగతిని ఆరోగ్య శాఖ లెక్కలు పట్టించుకోవు. అధ్యయనానికి వచ్చేవారైనా దానిని నమోదు చేయాలి.

పాఠక సోదరీ సోదరులారా! ఈ సీమలోని ముస్లిం ఇళ్ళల్లో జొన్నరొట్టె, అంబాడ కూర తరతరాల భోజనమే. అది పేదరికపు గుర్తు కాదు. మన దస్తర్‌ఖాన్‌పై అందరూ తిన్నాక మిగిలినదే కోడలి వంతు అవుతుంటే, ఏ ప్రభుత్వ పథకమూ ఆమె రక్తహీనతను తీర్చలేదు. ఈసారి ఆశా కార్యకర్త మీ ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లోని గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో అడగండి. ఆ రాత్రి ఆమెకు ముందుగా వడ్డించండి.