ఐదు సెంట్ల లెక్క

"మీకు లెక్కలెందుకురా సాయిబూ? మాంసం తూచడానికి తక్కెడ పట్టుకోవడం వస్తే చాలదూ?"

మాలో ప్రతి ఒక్కరం ఏదో ఒక తరగతిలో ఈ మాట విన్నవాళ్ళమే. విని నవ్వాం కూడా. క్లాసంతా నవ్వుతుంటే మేమొక్కళ్ళం నవ్వకపోతే ఇంకా చులకనైపోతామని నవ్వాం. తర్వాత ఒక్కొక్కరం బడి మానేశాం. ఒకడు సైకిల్ షాపుకి, ఒకడు కుట్టుమిషను దగ్గరికి, ఒకడు దూదేకులకి. ఆడపిల్లలు నిక్కా అయ్యేదాకా గడపలోపలికి.

మాలో నలుగురం ఎలాగో డిగ్రీ దాకా గట్టెక్కాం. 1993లో రాజమండ్రిలో, ఇషా నమాజు అయ్యాక, మసీదు పక్క గదిలో మావాళ్ళకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాం. ఆడవాళ్ళకి మధ్యాహ్నం ఒకరింటి అరుగు మీద. కారణం ఓపెన్ యూనివర్సిటీ. 1982లో పెట్టి, 1991లో అంబేద్కర్ పేరు పెట్టిన ఆ యూనివర్సిటీలో, బడి సర్టిఫికెట్ లేకపోయినా వయసు చాలితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో ఉండేది. బడి మమ్మల్ని వదిలేసినా కాలేజీకి అదొక దొడ్డిదారి. కాదు, మాకు అదే సింహద్వారం.

ఆ రోజులెలాంటివో చెప్పక్కర్లేదు. 1992 డిసెంబర్ 6 వెనకాలే ఉంది. రాత్రిపూట సాయిబులంతా ఒక గదిలో కూడి ఏం చేస్తున్నారని ఒక కానిస్టేబులు వచ్చాడు. నల్లబోర్డు చూశాడు. "ఎవడీ ఎక్స్?" అన్నాడు. "తెలియని సంఖ్యండీ, అదెంతో కనుక్కుంటున్నాం" అన్నాం. ఆయన పోయాక పడీపడీ నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఎవరూ మాట్లాడలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఎక్స్‌లం మేమేనని అందరికీ ఒక్కసారే తట్టింది.

నలభై దాటినవాళ్ళకి లెక్కలెలా చెప్పాలో మాకు వాళ్ళే నేర్పారు. రుణ సంఖ్యలంటే కాలేజీ పిల్లలు తడబడతారు. పండ్లబండి చాచాకి తడబాటే లేదు. రుణమంటే బాకీ. ధనమంటే చేతిలో ఉన్నది. 628లో బ్రహ్మగుప్తుడు పెట్టిన పేర్లూ అవేనని చెప్తే, "ఆయన కూడా అప్పులుపడ్డవాడేనన్నమాట" అన్నాడు. మైనస్‌లోంచి మైనస్ తీసేస్తే ఏమవుతుందని అడిగాం. "మూడొందల బాకీలో వంద మాఫీ చేశాడనుకో, నాకు వంద కలిసొచ్చినట్టే కదా బాబూ" అన్నాడు. మాకు హైస్కూల్లో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

దర్జీ అన్నకి ఇంకో లెక్క. చొక్కాకి కూలి 12 రూపాయలు. దారానికీ బొత్తాలకీ రోజుకి 15 పోతుంది. చేతికి 69 మిగలాలంటే ఎన్ని కుట్టాలి? పోయిన 15ని అవతలి పక్కన కలిపాడు, 84 అయింది. పన్నెండో ఎక్కంలో చూసుకుని ఏడు చొక్కాలన్నాడు. "ఇప్పుడు నువ్వు చేసిందే అల్‌జబ్ర్ అన్నా" అన్నాం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోంచే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది. తీసివేతలో పోయినదాన్ని కలిపి పూడ్చడం జబ్ర్. విరిగిన ఎముకని అతకడానికీ అరబ్బీలో అదే మాట. ఆయనే హిందూ అంకెల మీద ఇంకో పుస్తకం రాశాడు. ఇక్కడ మన తెలుగులో పావులూరి మల్లన, జైనుడైన మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క ఎవరి గడప దగ్గరా కులం మతం అడగలేదు. అడిగింది మా బడి.

కుర్రాళ్ళు ఉబ్బిపోయారు. "ఆల్జీబ్రా మనోడిదేనండీ!" అని నాలుగు రోజులు బజారంతా చెప్పుకు తిరిగారు. మేమూ తక్కువ తినలేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళ క్లాసులోనూ అదే గొప్ప చెప్పాం. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలేనని కూడా చెప్పాం.

ఒక ఖాలా అప్పటిదాకా నోరు విప్పనిది. కోనసీమలో అత్తారిల్లు. ఇంటాయన పోయి నాలుగేళ్ళు. అత్తమామలు అంతకుముందే పోయారు. "అయితే నా వాటా కట్టండి బాబూ" అంది.

ఆయన పేర రాసున్న కొబ్బరితోట 40 సెంట్లు. అప్పుల్లేవు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తోట బావగారి చేతిలో ఉంది. ఆయన రెండు సెంట్ల జాగా చూపించి, "ఆడదానికి ఇంతేనమ్మా, షరియతు" అన్నాడట.

లెక్క మేం కట్టలేదు. సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాం. పిల్లలుంటే భార్యకి ఎనిమిదో వంతు. ఆమెకి భిన్నాలు రావు గానీ బేడ తెలుసు. రూపాయిలో బేడ ఎంతో అంత. 40లో ఐదు. మిగిలింది 35. కొడుకుకి రెండు పాళ్ళు, కూతురికి ఒకటి. మొత్తం ఐదు పాళ్ళు. పాలుకి ఏడు. కూతురికి 7, కొడుకులకి 14, 14. తన ఐదూ కలిపి కూడింది. 40. మళ్ళీ కూడింది. 40.

"మరి బావగారికి?" అంది.

"కొడుకులుండగా ఆయనకి వాటా లేదు ఖాలా."

ఆమె బోర్డు మీద అయిదో వరస వేసి సున్నా చుట్టింది. చాలాసేపు దాన్నే చూస్తూ నుంచుంది.

ఆ కాగితం పట్టుకుని జమాతు పెద్దల దగ్గరికి వెళ్ళింది. ఒక పెద్దాయన, "మసీదు పక్కన గది ఇచ్చింది ఇందుకా?" అని మమ్మల్ని పిలిపించి కోప్పడ్డాడు. లెక్క తప్పని మాత్రం అనలేకపోయాడు. తోట పిల్లల పేరుకి రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఖాలా అర్హత పరీక్ష గట్టెక్కింది.

మా సంగతి కూడా చెప్పాలి. బడిలో మమ్మల్ని లెక్కలోంచి తీసేశారని ఇన్నేళ్ళు గొంతు చించుకున్నవాళ్ళం, మా ఇళ్ళలో లెక్కలోంచి ఎవర్ని తీసేశామో ఆ సున్నా చూసేదాకా అడుక్కోలేదు. ఆ వారం మాలో ఇద్దరం మా చెల్లెళ్ళ వాటా కట్టి చూసుకున్నాం. ఒకరం ఇచ్చేశాం. ఇంకొకరం ఇప్పటికీ ఇవ్వలేదు. ఎవరన్నది ఇక్కడ రాయం. ఇది చదివితే వాడికి తెలుస్తుంది.