బర్మా గ్యాసూ, మన మౌనమూ

2007 సెప్టెంబరు. బర్మాలో బౌద్ధ భిక్షువులు సైనిక పాలన మీద వేలల్లో రోడ్డెక్కారు. అదే వారంలో మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా ఆ దేశంలోనే ఉన్నారు.. ఓఎన్‌జీసీ విదేశ్‌కి మూడు సముద్రపు గ్యాస్ బ్లాకుల ఒప్పందం కోసం! 1993 సంవత్సరానికి సూకీకి నెహ్రూ అవార్డిచ్చిందీ మనమే మరి.

చైనా, ఈశాన్య సరిహద్దు, తీవ్రవాదులు.. ఈ కారణాలు నేనూ నమ్మాను. నోరు మూసుకుంటే గ్యాసైనా వస్తుందిలే అనుకున్నా. తీరా చూస్తే, మన ఓఎన్‌జీసీ, గెయిల్‌లకి వాటాలున్న ష్వే గ్యాసు కూడా 2013 నుంచి ఎక్కువభాగం పైపులైనులో చైనాకే పోయింది.

2021లో మళ్ళీ సైనిక కుట్ర. జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో 119 దేశాలు ఖండిస్తే మనం తటస్థం. ఈసారి గ్యాసు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను కూడా.