మరిపెడలో బాదం బిళ్ళలు

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే బస్సు తొర్రూరు దాటిన తరువాత "బంగ్లా, బంగ్లా" అన్న కేక వినిపిస్తే మరిపెడ వచ్చినట్లే. ఆ మాట ఊరి పేరుకు ఎంతగా అతుక్కుపోయిందంటే, చుట్టుపక్కల తండాలవారిలో చాలామంది మరిపెడ బంగ్లా అనే అంటారు. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండిన ఈ మండలం 2016 అక్టోబరులో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరింది. పత్తి, మిరప ఇక్కడి పంటలు. గాలిబ్ గజళ్ళను తెలుగు చేసిన దాశరథి కృష్ణమాచార్యులు పుట్టిన చిన్నగూడూరు ఇక్కడికి దగ్గరే. దూరపు రుచిని మన నాలుకకు తెచ్చే పని ఈ నేలకు కొత్త కాదన్నమాట.

షాబాన్ నెలలో మేము మరిపెడ వెళ్ళినది మా మదరసా విద్యార్థి ఒకడి ఇంటికి. అతని అన్న దుబాయిలో ఒక హోటల్ వంటశాలలో పనిచేస్తాడు. తనతో పనిచేసే చైనా మిత్రుడు ఇచ్చిన బిస్కెట్ల డబ్బాను, సెలవుపై వస్తున్న ఊరివాని చేతికిచ్చి తల్లికి పంపాడు. ఆ తల్లి ఇరవై రోజులుగా దానిని తెరవలేదు. డబ్బా మీద ఉన్నవన్నీ చైనా అక్షరాలే. మేము కూర్చోగానే దానిని మా ముందు పెట్టి, "మౌల్వీ సాబ్, బిడ్డ ప్రేమతో పంపిండు. తినొచ్చా, తినరాదా చెప్పుండ్రి" అన్నది.

విద్యార్థి ఫోన్ కెమెరాను డబ్బాకు ఎదురుగా పట్టి అక్షరాలను అనువదించాడు. మొదట పెసరపిండి, తరువాత చక్కెర, బాదం. నాలుగవ మాట దగ్గర కుర్రవాడు ఆగిపోయాడు. పంది కొవ్వు. చైనా భాషలో దానిని "జూ యౌ" అంటారు. విదేశాల నుంచి వచ్చే డబ్బాలను చూసే మన ఇళ్ళలో ఈ మాట తెలిసి ఉండడం మంచిది. అలాగే "ఛింగ్ జెన్" అన్న మాట కూడా. హలాల్ ఆహారానికి చైనా ముస్లిములు వాడే గుర్తు అది. ఈ డబ్బాపై అది లేదు.

ఇవి కాంటన్ ప్రాంతపు బాదం బిళ్ళలు. మకావు, ఝోంగ్‌షాన్ పట్టణాలు వీటికి ప్రసిద్ధి. వేయించిన పెసరపిండిలో చక్కెర, బాదం, కొవ్వు కలిపి, చెక్క అచ్చులో నొక్కి కాలుస్తారు. కొన్ని రకాలలో చక్కెరలో ఊరిన పంది కొవ్వు ముక్కను మధ్యలో పెడతారు కూడా. పంది మాంసం హరామ్ అని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా, అల్ మాయిదా, అల్ అన్ఆమ్ సూరాలలో స్పష్టంగా చెప్పింది. కొవ్వు కూడా అందులో భాగమేనన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదం లేదు. మేము ఆ మాటే చెప్పాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కోడలు నెమ్మదిగా, "అత్తమ్మా, తిన్నమని ఫోన్ల చెప్పేద్దాం. ఆయనకు బాధైతది" అన్నది. పారవేయడం కంటే కష్టమైన ప్రశ్న ఇదే. ఎండలో, పొయ్యి సెగలో నిలబడి సంపాదించే కొడుకు మనసు నొప్పించకూడదన్న ఆరాటం తప్పు కాదు. కానీ తల్లి నోట అబద్ధం రాకూడదు. తెలియక పంపిన కొడుకు మీద దోషం లేదని, నిజం చెబితే రేపు అతడే వంటశాలలో మరింత జాగ్రత్తగా ఉంటాడని మేము అన్నాము.

అప్పుడు మాకు ఖాన్‌ఫూ జ్ఞాపకం వచ్చింది. అరబ్బు వర్తకులు కాంటన్ నగరానికి పెట్టుకున్న పేరది. హిజ్రీ 237, అంటే క్రీ.శ. 851 నాటి "అఖ్బారుస్సీన్ వల్ హింద్" అనే అరబీ గ్రంథం ఆ రేవు సంగతులు చెబుతుంది. అక్కడి ముస్లిముల తగాదాలు తీర్చడానికి చైనా రాజు ఒక ముస్లిమునే నియమించాడట, పండుగ నమాజు కూడా ఆయనే చేయించేవాడట. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) అక్కడ మసీదు కట్టారన్న కథ ప్రచారంలో ఉంది గానీ, ఆయన మదీనా సమీపంలో మరణించి బఖీలో ఖననమయ్యారన్నదే మేము చదువుకున్న చరిత్ర. ఏమైనా, వెయ్యేళ్ళకు పైగా కలిమా పలికేవారున్న ఊరది. అక్కడి బిళ్ళకు పంది కొవ్వు ఒక అలవాటే కాని ప్రాణం కాదు.

"ఆపా, పెసరపిండి, చక్కెర, బాదం. కొవ్వుకు బదులు నెయ్యి వేస్తే ఏమవుతుంది?" అని అడిగాము. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "గిదేంది, మన సున్నుండ లెక్కనే ఉన్నది గదా!"

నిజమే, సున్నుండను ముద్ద కడతాము, దీనిని నొక్కి కాలుస్తాము. రెండు వందల గ్రాముల పెసరపప్పును కమ్మని వాసన వచ్చేదాకా వేయించి మెత్తగా పట్టించారు. నానబెట్టి, పొట్టు తీసి, ఆరబెట్టిన బాదం వంద గ్రాములు బరకగా దంచారు. బాదంను ఎక్కువసేపు తిప్పితే నూనె వదులుతుంది, అది వద్దు. చక్కెర పొడి వంద గ్రాములు. నెయ్యి తొంభై గ్రాములు, కరిగించినది కాదు, పేరుకున్నది. వెన్నలో నీరుంటుంది, నేతిలో దాదాపు ఉండదు. పంది కొవ్వులోనూ అంతే. అందుకే వెన్న కంటే నెయ్యితోనే బిళ్ళ గుల్లగా వస్తుంది. పిడికిట పట్టితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే విడిపోవాలి. మరీ పొడిగా ఉంటే రెండు చెంచాల నీళ్ళు.

చెక్క అచ్చు లేదు. కోడలు మసాలా డబ్బాలోని చిన్న గిన్నెలో పిండిని గట్టిగా అదిమి బోర్లించింది. పాత కుక్కర్‌లో రబ్బరు, విజిల్ తీసి, అడుగున ఇసుక పోసి, పది నిమిషాలు వేడి చేసి పళ్ళెం దించారు. సన్నని మంట మీద అరగంట. మొదటి వాయి అడుగున కాస్త ఎర్రబడింది. రెండవది చక్కగా వచ్చింది. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే విరిగిపోతాయి, చల్లారాకనే తీయాలి. పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది!

ఇషా తరువాత కొడుకు ఫోన్ చేశాడు. ఆ తల్లి ఉన్నది ఉన్నట్లు చెప్పింది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తరువాత అతడు అడిగినది ఒక్కటే: "అమ్మీ, నెయ్యి ఎంత ఏసిండ్రు?"

డబ్బాలోని బిళ్ళలను అప్పటికే పెరట్లో పూడ్చారు. ఎవరికైనా ఇవ్వవచ్చా అని పక్కింటివారు అడిగితే, మనకు తగనిదానిని కానుకగా చేయడం మాకు నచ్చదని చెప్పాము. ఖాళీ రేకు డబ్బా సంగతి ఆపా అడిగింది. జిడ్డు పోయేలా మూడుసార్లు కడిగితే శుద్ధమవుతుందన్నాము. మేము బస్సుకు బయలుదేరే వేళకు అది గోడ మీద బోర్లించి ఆరుతున్నది.