పడకగది పక్కన ఒక తలుపు

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ వంతెన దాటితే మాంగో. అక్కడి ఇరుకు వీధుల్లో ఒకదానిలో ఒక తెలుగు కుటుంబం నివసిస్తున్నది. ఇంటిపెద్ద శ్రీకాకుళం జిల్లా నుంచి ఇరవై ఏళ్ల వయసులో ఉక్కు కర్మాగారానికి వచ్చారు. కదమాలోని కంపెనీ క్వార్టరులో మూడు దశాబ్దాలు గడిపి, పదవీ విరమణ తర్వాత దాని తాళాలు అప్పగించి, దాచుకున్న డబ్బుతో కట్టుకున్న ఈ ఇంటికి చేరారు. నెల రోజులుగా ఆ ఇంట్లో ఒకటే చర్చ: పడకగదికి ఆనుకొని స్నానాల గది ఎలా కట్టాలి?

అవసరం ఇల్లాలి మోకాళ్లది. ఉన్న స్నానాల గది పెరటి చివర ఉంది. పగలు ఫరవాలేదు, పుష్యమాసపు చలిలో రాత్రి రెండుసార్లు లేచి అంత దూరం నడవడం డెబ్బై ఏళ్ల మనిషికి శిక్ష. కిందటి వర్షాకాలంలో నాచు మీద జారి ఆమె మణికట్టు విరిగింది. ఆ తర్వాత ఆమె సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు తాగడం మానేశారు. ఆ సంగతి కొడుక్కీ భర్తకూ తెలియదు, కోడలు కనిపెట్టింది. టేపు పట్టుకొని గోడలు కొలిచిందీ ఆమెే.

పడకగది, వీధి వైపు ప్రహరీల మధ్య అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు చోటు దొరికింది. జాతీయ భవన నియమావళి ప్రకారం కమోడ్, స్నానం కలిసి ఉన్న గదికి కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలి. ఇక్కడ అంతకంటే కొంత ఎక్కువే ఉంది. గాలీ వెలుతురూ వచ్చేందుకు కిటికీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి; లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతుంది. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే పట్టేలా ద్వారం మూడడుగులు ఉండాలి. గడప వద్దు. తడి బయటికి రాకుండా నేల వాలు చూసుకుంటుంది. కమోడ్ పక్కన గోడకు పట్టుకొనే కడ్డీ కావాలి, అది టైలుకు కాదు, ఇటుకకు బిగించాలి. వాస్తు గురించి పొరుగాయన ఏదో చెప్పబోయారు గాని, మణికట్టు కట్టు చూసి ఊరుకున్నారు.

ఇంతవరకూ అంతా ఇంటి విషయమే. పేచీ గొట్టం దగ్గర వచ్చింది.

పడకగదిని ఆనుకొని మరుగుదొడ్డి ఉండటం మన పూర్వులకు ఊహకందని సంగతి. దాన్ని సాధ్యం చేసింది కమోడ్ కింద వంపు తిరిగిన గొట్టంలో నిలిచి ఉండే రెండంగుళాల నీళ్లు. దుర్గంధాన్ని ఆ నీళ్లు ఆపుతాయి. ఆ వంపు దాటాక మురుగు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న కదమాలో ఉన్నన్నాళ్లూ ఇంటిపెద్దకు రాలేదు. రావలసిన అవసరం లేకపోయింది. జంషెడ్‌పూర్ మొదటి నుంచీ గీత గీసి కట్టిన ఊరు. జూలియన్ కెనెడీ తర్వాత 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్, 1940లలో ఓటో కోనిగ్స్‌బెర్గర్ దాని ప్రణాళికలు రచించారు. నీళ్లు, మురుగుకాలువలు కంపెనీ బాధ్యత. 2004 నుంచి దాని అనుబంధ సంస్థది.

74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పుడు 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు చేరింది. పరిశ్రమే పౌరసేవలు అందిస్తున్న చోటును గవర్నరు పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. అక్కడ ఎన్నికైన పురపాలక సంఘం అవసరం లేదు. జంషెడ్‌పూర్‌కు కార్పొరేషన్ కావాలా, టౌన్‌షిప్ చాలా అన్న వివాదం దశాబ్దాల పాటు సాగింది. కావాలన్నవారిది ఓటు హక్కు వాదన; వద్దన్నవారిది కుళాయి వాదన. నదికి అవతల ఓటు లేకపోయినా మురుగుకాలువ ఉంది. ఇవతలి ఒడ్డున ఈ వీధిలో మురుగుకాలువ లేదు. ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్ ట్యాంకు ఉంది. ముప్పై ఏళ్లు కంపెనీ చూసుకున్న పని ఇప్పుడు పింఛనుదారు పెరట్లోకి వచ్చింది.

మేస్త్రీ సలహా తేలికైనదే. కొత్త గొట్టాన్ని తిప్పి, పెరట్లోని పాత ట్యాంకుకు కలిపేస్తే ఖర్చు కలిసివస్తుంది. కాని ఆ ట్యాంకు మీద టైల్స్ పరిచేశారు. వెనక సందులోకి ట్యాంకరు రాదు. నిండితే ఎలా అని కోడలు అడిగింది. "మనుషులు దొరుకుతారమ్మా. రాత్రి పూట వచ్చి, దిగి, తీసేసి పోతారు" అన్నాడు మేస్త్రీ.

ఆ "దిగి" అన్న మాట దగ్గర కోడలు ఆగింది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పరిహారం పెరుగుతున్నదంటే చావులు ఆగలేదనే అర్థం. ఈ పోరాటాన్ని దేశం ముందుకు తెచ్చిన బెజవాడ విల్సన్ కూడా ఇలాంటి ఒక కంపెనీ ఊళ్లోనే, కోలారు బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టారు. స్వచ్ఛభారత్ 2014 నుంచి 2019 దాకా మరుగుదొడ్లను లెక్కపెట్టింది. వాటి కింది గుంతలు నిండినప్పుడు దిగేదెవరన్నది ఆ లెక్కలో ముఖ్యాంశం కాలేదు.

కోడలు మరో దారి చెప్పింది. కొత్త ట్యాంకు ముందు వాకిట్లో, గేటు పక్కన కట్టాలి. ట్యాంకరు వీధిలో నిలబడితే గొట్టం అందుతుంది. రెండు మూడేళ్లకోసారి యంత్రమే పీల్చుకుపోతుంది. కొత్త గది నుంచి అక్కడికి నలభై అడుగులు. అరవైకి ఒకటి వాలు చొప్పున ఎనిమిది అంగుళాలు దిగితే చాలు.

ఇంటిపెద్ద ఒప్పుకోలేదు. "తులసికోట ఉన్న వాకిట్లోనా? వచ్చేవాళ్లు దాని మీంచి నడిచి లోపలికి రావాలా?" అన్నారు. ఆయన సంఘాల్లో తిరిగినవారు, సమ్మెలు చూసినవారు. ఆ మాట ఆయన నోట రావడం కోడలికి ఆశ్చర్యం కలిగించింది. బహుశా ఆయనకూ కలిగించింది.

అప్పటిదాకా మాట్లాడనిది ఇల్లాలు. ఆమె పుట్టిల్లు విజయనగరం. ఆ ఇంటికి రెండు దారులుండేవి: ముందు వాకిలి మనుషులకు, వెనక సందు పాకీదొడ్డికి. తెల్లవారకముందే ఒక స్త్రీ గంపతో ఆ సందులోంచి వచ్చిపోయేది. ఇన్నేళ్లు ఒకే ఇంటికి వచ్చినా ఆమె ముఖం ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. సందు కట్టింది అందుకే.

"ఏవండీ, పక్క మీంచి లేచి పదడుగుల్లో వెళ్లడానికి నాకు గది కావాలన్నాం. దానికోసం ఇంకొకరు దిగాలంటే నాకా గది వద్దు. ముందు వాకిట్లోనే కట్టించండి" అన్నారామె.

ఆయన ఆ పూట బదులు చెప్పలేదు. మర్నాడు ఉదయం గేటు పక్కన సున్నంతో తానే చతురస్రం గీశారు. తులసికోట నాలుగడుగులు జరిగింది. మేస్త్రీ లెక్క వేసి, ఖర్చు పెరుగుతుందన్నాడు; గదిలో గోడ టైల్స్ ఎత్తు తగ్గించి ఆ తేడా సర్దారు. ట్యాంకు మూత మీద టైల్స్ వేయవద్దని, ఎత్తడానికి ఇనుప కొక్కెం కనిపించేలా ఉంచాలని కోడలు కాగితం మీద రాసి ఇచ్చింది.

పని ఇంకా పూర్తి కాలేదు. ఆమె మాత్రం సాయంత్రం ఆరు తర్వాత కూడా మంచినీళ్లు తాగుతున్నారు. కోడలు లేచి టార్చి పట్టుకొని పెరటి దాకా తోడు వెళుతున్నది.