మోయొచ్చు... ఆడొద్దు!

గోల్ఫ్ ఆడే కర్రను క్లబ్ అంటారు. ఒక్కో ఆటగాడి బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. ఉంటే, ఆ తప్పు జరిగిన ఒక్కో హోల్‌కి రెండు స్ట్రోకుల జరిమానా, రౌండు మొత్తానికి నాలుగు దాకా. అమెరికాలో 1938లో మొదలైన ఈ లెక్క ఇవాళ్టికీ అలాగే ఉంది. మరి నడుస్తూ ఉంటే గడ్డిలో ఎవరో మర్చిపోయిన క్లబ్ కనిపించింది అనుకోండి. తీసి బ్యాగులో వేసుకుంటే 15 అయిపోతాయి కదా? వదిలేసి పోతే ఎవరైనా పట్టుకుపోతారేమో కదా?

దీనికి రూల్ బుక్కులోనే జవాబుంది. వేరేవాళ్లు వదిలేసి వెళ్లిన క్లబ్‌ను మీరు తీసుకుంటే అది మీ 14 లెక్కలోకి రాదు. కానీ దాంతో ఒక్క షాట్ కూడా కొట్టకూడదు. అంటే మోయొచ్చు, ఆడొద్దు.

ఈ సంగతి నేను గోల్కొండలో విన్నాను. కోటకు ఈశాన్యం వైపు నయా ఖిల్లా ఉంది. 1656లో మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో కోటను అటువైపు పెంచారు. ఇప్పుడు ఆ పాత గోడల మధ్యే 18 హోళ్ల గోల్ఫ్ కోర్సు. దగ్గర్లోనే ‘హథియాన్ కా ఝాడ్’ అని పిలిచే బావోబాబ్ చెట్టు. మానులో మనుషులు దూరేంత తొర్ర ఉన్న చెట్టది. ఆఫీసు మిత్రుడు ఒకతను అతిథిగా తీసుకెళితే వెళ్లాను. ఆట కంటే కోట గోడలే ఎక్కువ చూశాను.

ఎనిమిదో హోల్ దగ్గరనుకుంటా, గ్రీన్ అంచున ఒక వెడ్జ్ పడి ఉంది. క్లబ్బులు ఎక్కువగా పోయేది ఇలాగేనట. బంతి జెండా దగ్గరికి వచ్చేసరికి ఆటగాడు వెడ్జ్, పటర్ రెండూ చేత పట్టుకుని వస్తాడు. వెడ్జ్‌తో బంతిని గ్రీన్ మీదికి లేపి, ఆ వెడ్జ్‌ను గడ్డిలో పడేసి, పటర్‌తో బంతిని గుంటలో వేస్తాడు. పడిందన్న సంబరంలోనో, పడలేదన్న చిరాకులోనో పటర్‌తోనే ముందుకు నడిచిపోతాడు. అందుకే అలవాటైనవాళ్లు వెడ్జ్‌ను తర్వాతి హోల్‌కి వెళ్లే దారిలోనే పెడతారు, లేదా తీసి పక్కన పెట్టిన జెండా కర్ర మీద ఆనిస్తారు. కాలికి తగిలితేనన్నా గుర్తొస్తుందని.

మా మిత్రుడు ఆ వెడ్జ్ తీసి, పట్టు మీద పేరు స్టిక్కరుందేమో చూశాడు. లేదు. ముందు వెళ్తున్న బృందం కనిపిస్తుంటే చెయ్యి ఊపి అడిగాడు. వాళ్లది కాదు. వెనక వస్తున్నవాళ్లకూ చెప్పి ఉంచాడు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మా దగ్గరుందని. ఆట అయ్యాక కౌంటర్లో ఇచ్చి, ఏ హోల్ దగ్గర దొరికిందో చెప్పాడు. “ఒక్కసారి ఊపి చూస్తానన్నా, మంచి బ్రాండు కదా” అన్నాను. “ఊపితే ఆడినట్టే అనిపిస్తది తమ్మీ, వద్దు” అన్నాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 14తో ఆట మొదలుపెట్టినవాడు ఒకటి పోగొట్టుకుంటే దాని బదులు ఇంకోటి తెచ్చుకోవడానికి ఆ రౌండులో వీల్లేదు. మిగిలిన 13తోనే ఆడాలి. బంతి సంగతి వేరు. పోయిన బంతిని మూడు నిమిషాలే వెతకాలి (2019కి ముందు ఐదు నిమిషాలు), దొరక్కపోతే జరిమానా కట్టుకుని కొత్తది తీయాలి. క్లబ్ అలా కాదు. అది మీ చేతిలో ఉన్నంతసేపు, పోగొట్టుకున్నవాడి ఆటలో కొంత భాగం మీ చేతిలో ఉన్నట్టే.

ఇదంతా వింటుంటే నాకు కొత్తగా అనిపించలేదు. ఇలాంటి పద్ధతినే అంతకుముందు ఒక ఊళ్లో చూసి ఉన్నాను. అక్కడ గోల్ఫ్ కోర్సు కాదు కదా, గోల్ఫ్ అన్న మాట కూడా ఎవరి నోటా రాదు. ఆ ఊరు రాయికోడ్.

హైదరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని సంగారెడ్డి, సదాశివపేట దాటాక, జహీరాబాద్ రాకముందే హైవే వదిలి కుడివైపు లోపలికి పోవాలి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, లారీల హారన్లు వెనకబడి, పత్తి, కంది చేలు మొదలవుతాయి. ఆ పక్కనే ఝరాసంగం, కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉన్న ఊరు. అవతల కొంచెం దూరంలో కర్ణాటక. అందుకే ఇక్కడి తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. 2016 దాకా ఇది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. మా మేనత్త వాళ్లది ఆ మండలమే.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు, అత్తమ్మ వాళ్ల పక్కింటి తాత సాయంత్రం మేకల మందను తోలుకొచ్చి, దొడ్డి గవిని దగ్గర నిలబడి లెక్క పెడుతున్నాడు. ఒకటి ఎక్కువొచ్చింది. తక్కువొస్తే ఎంత కంగారు పడతారో తాత అంత కంగారు పడ్డాడు. మళ్లీ లెక్క పెట్టాడు. ఎక్కువొచ్చినదాన్ని పట్టుకుని, చెవులు చూసి, మెడలో తాడు వేసి, దొడ్డి లోపల కాకుండా వాకిట్లో, బాట మీద పోయేవాళ్లకి కనిపించేలా కట్టేశాడు.

“లోపట కట్టొచ్చు కదా తాతా, రాత్రి చలి కదా” అన్నాను.

“లోపట కడితే దొంగతనమైతది బిడ్డా. వాకిట్ల కడితే అమానతైతది.”

అమానతు. ఇంకొకరిది మన దగ్గర భద్రంగా ఉండటం. జహీరాబాద్ వైపు ఈ ఉర్దూ మాట అందరి నోళ్లలోనూ నలిగిందే.

ఒకప్పుడైతే ఊరి కావలికారు డప్పు కొట్టి చాటింపు వేసేవాడట. బ్రిటిష్ ఇండియాలో 1871లో వచ్చిన పశువుల చట్టంలో కూడా ఇది ఉంది. బందెలదొడ్డిలో పెట్టిన పశువు కోసం ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే, దొరికిన చోటికి దగ్గరి ఊళ్లోనూ సంతలోనూ డప్పు కొట్టించి చెప్పాలి. ఆ తర్వాత ఇంకో ఏడు రోజులు చూసి గానీ వేలం వెయ్యకూడదు. అప్పట్లో ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడిది కాదు, పద్ధతి మాత్రం ఇక్కడా ఉన్నదే. ఇప్పుడు డప్పు స్థానంలో వాట్సాప్ గ్రూపు వచ్చింది. తాత మనవడు వెంటనే ఫోను తీసి మేకను నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. తాత ఆపాడు.

“చెవి కనవడనీయకు. చెవి కథ వచ్చినోడు చెప్పాలె, మనం కాదు.”

మేకల చెవులకి పెట్టే గాట్లు ఒక్కో మందకి ఒక్కోలా ఉంటాయి. అది చూపించేస్తే ఎవడైనా వచ్చి నాదేనంటాడు. గ్రూపులో “ఒక మేక దొరికింది, గుర్తులు చెప్పి తీసుకపోండ్రి” అని మాత్రమే పెట్టారు.

మూడో రోజు పొద్దున పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. ఏ చెవి, ఏ పక్క గాటు, ఎన్ని అని తాత అడిగాడు. అన్నీ కరెక్టుగా చెప్పింది. చెబుతుంటే గొంతు వణుకుతోంది. పిల్లల ఫీజు మేకను అమ్మి కట్టే ఇళ్లలో, ఒక మేక పోవడమంటే ఏంటో మనకి లెక్క కట్టి చెప్పక్కర్లేదు. పాలు పిండకపోతే పొదుగు గడ్డ కడుతుందని రెండు పూటలా పిండి, తల్లి చనిపోయిన ఒక మేకపిల్లకి తాగించిన సంగతి కూడా తాత ఆమెకి చెప్పాడు. ఆమె డబ్బులు తీస్తే, పెట్టిన మక్కలకి ఎంతయిందో అంతే తీసుకున్నాడు.

తాత చట్టం చదవలేదు గానీ చట్టం తాతలాగే ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును చేతిలోకి తీసుకున్నవాడికి, ఎవరైనా దాచమని ఇస్తే ఉండేంత బాధ్యతా ఉంటుంది. 168వ సెక్షన్ ప్రకారం, వస్తువును కాపాడటానికీ యజమానిని వెతకడానికీ అయిన ఖర్చు ఇచ్చేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఇంకో ముక్క చెబుతుంది. యజమానికి ఇద్దామని తీసుకుంటే నేరం కాదు. యజమాని ఎవరో తెలిసీ, లేదా వెతికే ప్రయత్నమే చెయ్యకుండా సొంతం చేసుకుంటే నేరం. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

మనలో చాలామందికి వెడ్జ్ దొరకదు, మేకా దొరకదు. దొరికేది ఫోను. బస్సు సీట్లో, షేర్ ఆటోలో, టీ కొట్టు బల్ల మీద. ఇక్కడా అదే రూలు. జేబులో పెట్టుకుని తీసుకెళ్లడం మోయడం. అందులో మీ సిమ్ వెయ్యడం ఆడటం. పోగొట్టుకున్నవాళ్లు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, 2023 మే నెలలో దేశమంతటికీ వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయిస్తే, ఆ ఫోనులో కొత్త సిమ్ పడగానే జాడ పోలీసులకి తెలుస్తుంది.

కాబట్టి ఫోను దొరికితే స్విచాఫ్ చెయ్యకండి. చార్జింగ్ ఉండనివ్వండి, కాల్ వస్తే ఎత్తండి. నాదేనని ఎవరైనా అంటే వాల్‌పేపర్ ఏముంది, కవరు ఏ రంగు, గ్లాసు ఎక్కడ పగిలింది అని వాళ్లనే చెప్పమనండి. గ్రూపులో పెట్టే ఫోటోలో వెనక వైపు చూపించకండి. ఎవరూ రాకపోతే దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో ఇచ్చి, ఎక్కడ, ఎన్నింటికి దొరికిందో చెప్పండి.

ఇక మన ఫోను మనకి తిరిగి రావాలంటే దానికీ ఒక చెవి గాటు ఉండాలి కదా. ఉంది, దాన్నే ఐఎంఈఐ అంటారు. ఇప్పుడే *#06# డయల్ చేస్తే 15 అంకెలు కనిపిస్తాయి. దాన్ని ఆ ఫోనులోనే సేవ్ చేసుకుంటే లాభం లేదు. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి.